నా మొహం మీది అక్షరాలు

నేను ఒక ఇత్తడి ముద్రను. బొటనవేలంత పొడుగుంటాను. పైన పట్టుకోవడానికి చిన్న బుడిపె, కింద రూపాయి బిళ్లంత మొహం. ఆ మొహం మీద అక్షరాలు చెక్కారు, అవి కూడా తిరగేసి. చెక్కినవాళ్లు చదవడం మాత్రం నేర్పలేదు. అందుకని నా కథ పుస్తకం చదివినట్టు చెప్పలేను. చేటలో పప్పు ఏరుకుంటూ చెప్పినట్టు చెబుతాను, ఓపికుంటే వినండి.

ముద్రను కాకముందు నేనొక చెంబుని. ఎవరో ఇల్లాలు పుట్టింటి నుంచి తెచ్చుకుంది. వారం వారం చింతపండు పెట్టి తోమి, ఎండలో బోర్లించేది. ఆ పుల్లటి వాసన నాకింకా జ్ఞాపకమే. ఆవిడ పోయాక సొట్టచెంబు ఎందుకని కంచరివాడికి వేసేశారు. మనుషులంతేనమ్మా. నీళ్లు తాగినన్నాళ్లూ మన చెంబు, కారడం మొదలెడితే పాత ఇత్తడి. కంచరి నన్ను మూసలో కరిగించాడు. చెంబంతటి దాంట్లో కాస్త ముక్క ముద్రగా మారి సర్కారు కొలువులో చేరింది. మిగతా నేను ఎక్కడున్నానో నాకు తెలియదు.

మన్యం నుంచి కిందికి దిగే ఘాటు రోడ్డు మొదట్లో, గంజాయి లాంటి మత్తు సరుకులు పట్టుకునే ఆఫీసు ఒకటి ఉంది. అక్కడ ఇన్‌స్పెక్టరు లెంక సన్యాసినాయుడు. సోదా చేసేది కానిస్టేబుళ్లు, తూచేది ఎస్సై, ఈయన వాళ్ల నెత్తిన నిలబడి ఎవరూ ఎక్కడా తప్పటడుగు వేయకుండా చూసేవాడు. పట్టుకుంటే పేరు వాళ్లది, కేసు పోతే తిట్లు ఈయనవి.

నా పని చెబుతాను. పట్టిన సరుకులోంచి కొంచెం తీసి గుడ్డసంచిలో కడతారు. ముడి మీద లక్క కరిగించి పోస్తారు. అది చల్లారకముందే నన్ను అదుముతారు. లక్క నాకు అంటుకోకుండా నాయుడు నన్ను తన తల మీది నూనెలో ఒకసారి రుద్దేవాడు. పాపం, ఉన్న నాలుగు వెంట్రుకలూ నా మూలంగానే రాలాయేమో. ఆ లక్క మీద నా అక్షరాలు చెదరకుండా ఉంటే సంచి ఎవరూ విప్పలేదని కోర్టు నమ్ముతుంది.

అయితే ఒక కట్టుబాటుంది. ముద్ర వేశాక నన్ను ఆఫీసులో ఉంచుకోకూడదు. అక్కడ నిలబడి చూసిన మధ్యవర్తి సాక్షి చేతికి ఇచ్చెయ్యాలి. మళ్లీ కోర్టులోనే నేను కనబడాలి. చాలామంది ఏం చేస్తారంటే, సాక్షికి ఇచ్చామని రాసి జేబులో వేసుకుంటారు. నాయుడు కూడా మొదట్లో అంతే.

అలాంటి రోజుల్లోనే ముత్యాలు అనేవాడి సంచికి ముద్ర వేశాను. కొండ మీంచి బస్తా మోసుకొస్తూ దొరికాడు. కూలికి మోశాడు, సరుకు ఎవరిదో చెప్పలేదు. చెబితే ఇంటి మీద పడతారని భయం. నా అక్షరాలు లక్క మీద ముత్యాల్లా పడ్డాయి. వాడు జైలుకు పోయాడు.

వాడి తల్లి గేదెల పైడమ్మ. ఆఫీసు ఎదురుగా టీ కొట్టు. కొడుకుని తీసుకుపోయాక కూడా ఆ కొట్టు ఎత్తలేదు. నాయుడికి టీ ఇచ్చిన ప్రతిసారీ ఒకటే మాట.

"మా గుంటడు మోసినాడు, నాను కాదన్ను బాబూ. మోయించినోడేడి?"

నాయుడు టీ తాగి చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవాడు. మోయించినవాడు షావుకారు ధనుంజయరావని ఊరందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన కోర్టుకు పనికొస్తుందా? ఆ పెద్దమనిషి ఎప్పుడూ సరుకు దగ్గరకు రాడు.

ఒక్కసారి వచ్చాడు. ఎవరిని నమ్మలేకపోయాడో ఏమో, ఒక మధ్యాహ్నం సరుకున్న కార్లో తనే కూచుని కొండ దిగాడు. ఆఫీసు ముందు ఆపి డిక్కీ తెరిస్తే బస్తాలు. నాయుడు ఎవరినీ సరుకు ముట్టుకోనివ్వలేదు. ఈసారి ఒక్క లోటు కూడా ఉండకూడదన్నాడు. సాక్షులు కావాలన్నాడు. షావుకారు మొహం చూడగానే కిళ్లీ కొట్టు మూతపడింది, సైకిల్ షాపువాడికి కడుపునొప్పి వచ్చింది. పైడమ్మ ఒక్కతే కొంగుకి చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటింది.

"నీ కొడుకు కేసుంది అప్పా. నువ్వొద్దు. పగ పట్టి చెప్పావంటారు" అన్నాడు నాయుడు. అప్పంటే ఆ వైపు అక్క.

"మరెవులొస్తారు బాబూ? నాకేటి కళ్లు లేవా? కళ్లతో సూసింది సెప్తానికి పగ ఎందుకు?"

ఇంకెవరూ రాలేదు. ఆవిడ ముందే తూచారు, కట్టారు, లక్క పోశారు. నాయుడు నన్ను తలకు రాసుకుని గట్టిగా అదిమాడు. తర్వాత అందరి ఎదుటా నన్ను ఆవిడ అరచేతిలో పెట్టాడు.

"జాగ్రత్త అప్పా. కోర్టువాళ్లు అడిగేదాకా ఎవరికీ ఇవ్వకు. నాకు కూడా ఇవ్వకు."

ఎస్సై నవ్వాడు. "అదేంటి సార్, నిజంగానే ఇచ్చేశారు? రాసేస్తే సరిపోయేది కదా."

"ముద్ర నా జేబులో ఉండి, సంచి నా బీరువాలో ఉంటే, రేపు అందులో ఎండుగడ్డి కుక్కినా ఆపేవాడెవడయ్యా? ఈ కేసు నేను సరిగ్గా చేస్తాను."

అలా నేను పైడమ్మ ఇంటికొచ్చాను. నన్ను పసుపు గుడ్డలో చుట్టి పగలంతా రొంటిన దోపుకునేది, ఇంటికొస్తే దేవుడి పటం ముందు పెట్టేది. అక్కడ ముత్యాలు ఫోటో కూడా ఉంది, చొక్కా గుండీ ఒకటి ఊడి. "ఇది నిన్ను తెత్తాది లేరా" అని వాడికి చెప్పేది. నేను ఎలా తెస్తాను? షావుకారుకి శిక్ష పడితే, మోయించినవాడు దొరికాడు కదా, పైకోర్టులో ఉన్న అప్పీల్లో మోసినవాడి మీద దయ చూపిస్తారని ఎవరో చెప్పారట. అదే పట్టుకుని బతికింది.

నాయుడు టీకి వచ్చినప్పుడల్లా "ఉందా అప్పా?" అనేవాడు. ఆవిడ నడుం తట్టి చూపించేది.

"సూపిత్తావేటని అడక్కు. నీకూ ఇవ్వొద్దన్నావు."

"అడగనులే తల్లీ" అని నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను విన్నది అక్కడే. తన కొలువంతటిలో సరిగ్గా జరిగిన పని అదొక్కటేనని మురిసేవాడు.

కేసు వాయిదా పడింది. మళ్లీ పడింది. జడ్జీలు మారారు, వానాకాలాలు వెళ్లాయి. పైడమ్మ లక్ష్మివారం లక్ష్మివారం నన్ను చింతపండు, ఇటికపొడి పెట్టి కసాబిసా తోమేది. ఇత్తడిని తోమకుండా ఉంచే ఇల్లాలు ఉంటుందా చెప్పండి? నాకూ హాయిగానే ఉండేది. పాత చెంబు బతుకు మళ్లీ వచ్చిందనుకున్నాను. బంగారంలా తళతళలాడాను.

చివరికి పిలుపొచ్చింది. పైడమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని కోర్టు బోనెక్కింది. చూసింది చూసినట్టు చెప్పింది, ఒక్క మాట తడబడలేదు. షావుకారు వకీలు పగ మాట ఎత్తనేలేదు. మెల్లిగా, "మామ్మగారూ, ఆ ముద్ర తెచ్చారా?" అన్నాడు.

ఆవిడ రొంటిన ఉన్న గుడ్డ విప్పింది. నేను మెరిశాను. కొవ్వొత్తి తెప్పించి, లక్క కరిగించి, నన్ను అదిమారు. తీసి చూశారు. లక్క మీద నున్నటి పళ్లెం. అంచున ఏదో అక్షరం నీడలా. సంచి మీదున్న ముద్ర పక్కన పెడితే ఇద్దరం చుట్టాలం కూడా కాము.

"ఇదేనా ఆ రోజు ఇచ్చింది?"

"అదే బాబూ. సుబ్బరంగా ఉంచినాను."

"అక్షరాలేవి?"

పైడమ్మ జడ్జిగారి వైపు తిరిగింది. "వారం వారం తోమినాను బాబూ. తోమకపోతే కిలం పట్టదా? సర్కారోరి సామాను కిలం పట్టించి తెమ్మంటారేటి?"

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. నాయుడు కళ్లు మూసుకున్నాడు. వకీలు గొంతు అప్పుడు లేచింది. సంచి మీద ముద్ర వేసింది ఇది కాదు, అసలు ముద్ర ఇన్‌స్పెక్టరు జేబులోనే ఉంది, ఈ ముసలామెకు ఏదో పాత ఇత్తడి బిళ్ల ఇచ్చి నాటకం ఆడాడు అన్నాడు. ఏ తప్పు చెయ్యకూడదని నాయుడు నన్ను వదులుకున్నాడో, అదే తప్పు ఆయన మెడకు చుట్టారు. "అది కాదు బాబూ, అది కాదు" అంటూనే ఉంది పైడమ్మ. ఇక దిగమన్నారు.

షావుకారు విడుదలయ్యాడు. మెట్లు దిగుతూ ఆవిడ దగ్గర ఆగి, "బాగున్నావా అప్పా" అన్నాడు. నాయుడి మీద విచారణ వేసి, ఎక్కడో దూరంగా గోడౌను కాపలా ఉద్యోగానికి పంపేశారు. వెళ్లేముందు టీ కొట్టుకి వచ్చాడట. ఆవిడ టీ ఇచ్చిందట. మోయించినోడేడి అని మాత్రం అడగలేదట. ఇదంతా కోర్టు బంట్రోతులు చెప్పుకుంటుంటే విన్నాను.

నన్ను కోర్టు సామాను గదిలో పడేశారు. ఇక్కడ తోమేవారు లేరు, పచ్చగా కిలం పడుతోంది. పట్టనీ, ఇంకేం అరగాలి? నేనున్న అలమరలోనే, ఎదురుగా, ఒక పాత గుడ్డసంచి ఉంది. పైకోర్టులో అప్పీలు తేలలేదని దాన్ని ఇంకా ఉంచారు. ముత్యాలు సంచి. దాని ముడి మీద ఎర్రటి లక్క, లక్క మీద నా పడుచు మొహం. ఒక్క అక్షరం కూడా చెరగలేదు.