కొబ్బరికాయ కొట్టని పడవ

మూలపడ్డ ఇంజను కొబ్బరికాయ కొట్టనిదే తిరగదనీ, ఒకవేళ తిరిగినా అది నడిపే బండి గమ్యం చేరదనీ మా గోదావరి జిల్లాల్లో ఒక నమ్మకం ఉంది. లారీల వాళ్ళకూ, ట్రాక్టర్ల వాళ్ళకూ, బియ్యం మిల్లుల వాళ్ళకూ ఈ విషయంలో అభిప్రాయభేదం లేదు. ఇందులో రెండు ప్రతిపాదనలున్నాయి కనుక రెంటినీ విడివిడిగా పరీక్షించాలని, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన నేను, రెండువేల ఒకటో సంవత్సరం వేసవిలో నిశ్చయించుకున్నాను. పరీక్షకు కావలసిన మూలపడ్డ ఇంజను మా బావగారి దగ్గర ఉంది.

మా బావ అప్పాజీ అంటే నా భార్య రత్నమాణిక్యానికి అన్నగారు. గోదావరికి అవతల, ముక్తేశ్వరం దగ్గర, వరీ కొబ్బరీ పండిస్తారు. రొయ్యల చెరువులు లాభాలు కురిపించిన రోజుల్లో ఆయన కాకినాడలో ఎవరో వాడి వదిలేసిన ఫైబరు మోటారు పడవ ఒకటి కొన్నారు. దాని ఇంజను పడవ లోపల, వెనక భాగంలో ఉంటుంది. ఇంజను శక్తిని అందుకుని నీళ్ళలో పంకా తిప్పే పొడవాటి కాలొకటి వెనక గోడకు బయట వేలాడుతుంది. పడవ వచ్చిన ఏడాదే రొయ్యలకు తెగులు వచ్చింది. పడవ తనకు కలిసి రాలేదని తేల్చి, మండపేటలో తెలిసినవారి మిల్లు ఊక కొట్లో దాన్ని పెట్టించి, ఆయన మళ్ళీ అటు తిరిగి చూడలేదు.

"రొయ్యలకు వచ్చింది వైరస్. దానికీ పడవకూ సంబంధం ఏంటండీ?" అని అడిగాను.

"సంబంధం నాకూ తెలీదు బావగారూ. పడవ వచ్చింది, రొయ్యలు పోయాయి. పడవని పంపేశాను, కొబ్బరి రేటు పెరిగింది. తెలియనివాటి జోలికి నేను వెళ్ళను."

"నేను వెళ్తాను. దాన్ని బాగుచేయించి కోటిపల్లి రేవు నుంచి మీ గట్టుకు నడుపుకొస్తాను. కొబ్బరికాయ, నిమ్మకాయ, పసుపు, కుంకుమ, ఏదీ లేకుండా."

"వస్తే?"

"మీ గేటుకూ ట్రాక్టర్లకూ వేలాడే నిమ్మకాయలూ మిరపకాయలూ మీ చేత్తో మీరే తెంపాలి."

"రాకపోతే?"

ఏదో ఒకటి అనాలి కనుక, "మీతో పిఠాపురం వచ్చి కుక్కుటేశ్వరుడి గుడి ముందు కొబ్బరికాయ కొడతాను" అన్నాను. నేను మా ఊరి హేతువాద సంఘానికి అధ్యక్షుణ్ణి. నా పెళ్ళిలో కూడా నా బదులు మా బాబాయి కొట్టాడు.

"నేనే సాక్షిని అన్నయ్యా" అంది రత్నమాణిక్యం వంటింట్లోంచి. "పచ్చడికి కొట్టమన్నా కొట్టరు ఈయన."

గణేష్‌బాబు మండపేటలో మిల్లు ఇంజన్లూ ట్రాక్టర్లూ చూసే మెకానిక్. "ఇది కారు ఇంజనే మాస్టారూ. నీళ్ళలో దిగింది, అంతే" అని మొదటిరోజే తీర్పు ఇచ్చాడు. ఈ విషయం మీద రెండు పుస్తకాలు తెప్పించుకుని చదివి ఉన్నాను కనుక, అంతే కాదని నేను చెప్పాను. ఒకరి అజ్ఞానాన్ని మరొకరు సవరించుకుంటూ మేమిద్దరం ఆ వేసవి గడిపాం.

మూత తీసేసరికి ఇంజను గాలి పీల్చుకునే మూతి దగ్గర ఎలుకలు ఊకతోనూ గోనెపీచుతోనూ కాపురం పెట్టి ఉన్నాయి. ట్యాంకులో పెట్రోలు వార్నిషు వాసన కొట్టే జిగురుగా మారింది. దాన్ని తోడించాం. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో నూనె పోసి, బాగా నాననిచ్చి చేత్తో తిప్పితే ఇంజను మూలుగుతూ ఒక చుట్టు తిరిగింది. కాల్లో ఉండే గేరు నూనె దింపి చూశాం. నల్లగా ఉంది గాని పాలలా తెల్లబడలేదు, అంటే లోపలికి నీరు చేరలేదు. నది నీళ్ళు తోడి ఇంజన్ను చల్లబరిచే రబ్బరు చక్రం మాత్రం రేకులన్నీ ఒకే పక్కకు వంగి బిగుసుకుపోయింది. దాన్ని మార్చాం. కాలు వెనక గోడను దాటి బయటికి వచ్చే చోట, హార్మోనియం తిత్తిలా ముడతలుండే రబ్బరు తొడుగునూ మార్చాం. అది చిరిగితే పడవ మునుగుతుందని గణేష్‌బాబుకు వివరించాను. నిజానికి పడవ మునగగల మార్గాలన్నీ అతనికి వరుసగా బోధించాను. వాటిలో వెనక గోడ అడుగున ఉండే చిన్న బెజ్జం ఒకటి. గట్టు మీద ఉన్నప్పుడు వాననీరు పోవడానికి దాన్ని తెరిచి ఉంచుతారు. నీళ్ళలోకి దించే ముందు తప్పక మూయాలి. దాని ఇత్తడి మర ఊకలో ఎక్కడో పోయింది.

"దానికో కర్ర బిరడా చెక్కి నేను కొడతాను లెండి" అన్నాడు గణేష్‌బాబు.

ఇంజన్ను తిప్పి చూడడానికి నేను మంగళవారం, రాహుకాలం ఎంచుకున్నాను. రొయ్యపిల్లల్ని పెంచే నీలం తొట్టి తెప్పించి, నీళ్ళు నింపి, పడవ కాలు అందులో ముంచాం. ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారి నీలంపొగతో పాటు పాత ఊకనంతా మిల్లు కూలీల మీదికి ఊది, ఆగకుండా తిరిగింది. మొదటి ప్రతిపాదన వీగిపోయిందని అక్కడున్న వారందరికీ ప్రకటించాను. వాళ్ళు ఒళ్ళు దులుపుకుంటున్నారు.

"మాస్టారూ, నేను మనసులో మొక్కుకున్నానండి. అది లెక్కలోకి వస్తుందా?" అన్నాడు గణేష్‌బాబు.

"రాదు" అన్నాను. ఆ మాట అప్పాజీ చెవిన వేయవద్దని కూడా చెప్పాను.

పడవను ట్రాక్టరు ట్రక్కు మీద కోటిపల్లిలోని మా ఇంటికి చేర్చాం. మరునాటి ఉదయం రేవుకు తీసుకెళ్ళాం. రత్నమాణిక్యం అప్పటికే అందరూ ఎక్కే పంటు ఎక్కి అవతలి గట్టున పుట్టింటికి వెళ్ళిపోయింది. "మీరు చేరినా చేరకపోయినా భోజనం వేళకి వంట అవ్వాలి కదండీ" అన్నది ఆమె వాదం. సాక్షిగా అప్పాజీ వచ్చారు. మా సంఘ సభ్యులిద్దరు వచ్చారు.

"బిరడా బిగించావా?" అని గణేష్‌బాబును అడిగాను.

"రాత్రే బిగించేశానండి. ఏనుగు లాగినా రాదు" అని అతను టీ దుకాణం వైపు వెళ్ళాడు.

పడవ ఇంకా ట్రక్కు మీదే ఉండగా, పరీక్ష కలుషితం కాకుండా, నేను ఎక్కి సోదా చేశాను. ముందు సీటు కింద నిమ్మకాయలు దొరికాయి.

"పులిహోరకండి" అన్నారు అప్పాజీ.

స్టీరింగు మీద కుంకుమబొట్టు కనిపించింది.

"చెయ్యి తగిలుంటుందండి."

బొట్టు తుడిచేశాను. అనుమానం బలపడి ఇంజను కింది చీకట్లోకి చెయ్యి దూర్చాను. వేళ్ళకు ఒక గుడ్డ తగిలింది. వంగి చూస్తే ఎర్రగుడ్డ, దాని చుట్టూ పసుపుతాడు, లోపల పసుపుకొమ్ములా గట్టిగా ఏదో ఉంది. అది ఒక పట్టాన రాలేదు. కాలు తన్నిపెట్టి, రెండు చేతులా మెలితిప్పి లాగాను. వచ్చింది.

"ఇది కూడా పులిహోరకేనా బావా?"

"అది నాది కాదు బావగారూ."

"మూఢత్వం ఎవరిదైనా ఒకటే" అని, సంఘ సభ్యులకు చూపించి, దాన్ని గోదావరిలోకి వీలైనంత దూరం విసిరాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. టీ తాగి వచ్చిన గణేష్‌బాబు చప్పట్లు ఎందుకని అడిగాడు. ఉపన్యాసం తరువాత ఉంటుందని చెప్పాను.

పడవ నీళ్ళలో దిగి, మేము ఐదుగురం ఎక్కిన వెంటనే ఇంజను అందుకుంది. ముందు భాగం పైకి లేచింది. మేము గోదావరి మీద వెళ్తున్నామా, జారుతున్నామా అన్నట్టు సాగిపోయాం. గాలికి అప్పాజీ కండువా ఎగిరిపోయింది. అవతలి గట్టు కొబ్బరిచెట్లు దగ్గరపడుతున్నాయి. మనుషుల్ని గుర్తుపట్టగలిగేంత దూరానికి వచ్చాం. అంత వేగంలో నా మాట ఎవరికీ వినపడదని గ్రహించి నేను పడవ జోరు తగ్గించాను.

"ఆపారేంటండీ?"

"రెండు మాటలు చెప్పాలి."

"గట్టెక్కాక చెప్పండి బావగారూ."

"అక్కడ మీరు వినరు."

నమ్మకానికీ నిరూపణకూ ఉన్న తేడాతో మొదలుపెట్టాను. మొదటి ప్రతిపాదన మండపేటలో ఎలా కూలిందో చెప్పాను. రెండోదానికి వచ్చేసరికి అప్పాజీ చెప్పులు చేతిలోకి తీసుకున్నారు.

"మీ కాళ్ళు కూడా తడుస్తున్నాయా, నావొక్కటేనా?"

ఇంజను ఒకసారి గుటక వేసి ఆగిపోయింది. పడవ వెనక భాగం మర్యాదగా కిందికి దిగడం మొదలుపెట్టింది. గణేష్‌బాబు మోకాళ్ళ మీద కూర్చుని ఇంజను కింద తడిమాడు.

"బిరడా ఏదండీ?"

"నువ్వే కదా బిగించానన్నావు?"

"బిగించానండి. ఎర్రగుడ్డ చుట్టి కొట్టాను. రాత్రి అమ్మగారు పెనుగొండ గుళ్ళో ఇచ్చిన జాకెట్టు ముక్క చింపి ఇచ్చారండి. నూలుగుడ్డ తడిస్తే ఉబ్బి పట్టేస్తుందని. గుడ్డ జారకుండా, దానితో పాటు గుళ్ళో ఇచ్చిన పసుపుతాడే కట్టాను."

అందరూ నా మర్యాద కాపాడడానికి గోదావరి వైపు చూశారు.

సమీపంలో వల వేసుకుంటున్న జాలరి పెదబాబు తన నావ తెచ్చాడు. "మాస్టారు చెప్పడం అయిపోయిందాండి? తాడు కట్టమంటారా?" అన్నాడు. మా పడవను దగ్గరలోని ఇసుకతిప్ప దాకా లాగాడు. అక్కడ అది వెనక భాగం ముంచుకుని, ముక్కు ఆకాశానికి పెట్టి ఉండిపోయింది.

మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నేను కారణం వివరించాను. వేగంగా పోయేటప్పుడు వెనక నీరు తోసుకుపోతుంది కనుక ఆ బెజ్జంలోంచి నీళ్ళు బయటికే వస్తాయి. జోరు తగ్గితే లోపలికి వస్తాయి.

"అంటే మీరు మాట్లాడకపోతే చేరిపోయేవాళ్ళం" అన్నారు అప్పాజీ.

"శాస్త్రప్రకారం అంతే."

బెజ్జం బయటి కారణం కనుక ఈ పరీక్ష చెల్లదని వాదించాను. సంఘ సభ్యులు పంచెలు పిండుకుంటున్నారు.

"నమ్మకంలో బెజ్జం సంగతి లేదు బావగారూ. చేరదన్నారు. చేరలేదు."

పెదబాబు నావలో ముక్తేశ్వరం చేరి భోజనాలకు కూర్చున్నాక రత్నమాణిక్యాన్ని అడిగాను, ఇంట్లో అన్ని గుడ్డలుండగా గుడి గుడ్డే ఎందుకిచ్చావని.

"అన్ని గుడ్డలు ఎక్కడున్నాయండీ? ఇంజను తుడవాలని ఒక్కొక్కటే మండపేట పట్టుకుపోయారు. నూలుది అదొక్కటే మిగిలింది" అని ఆమె పులిహోర వడ్డించింది.

ఇంజను కొబ్బరికాయ లేకుండా తిరిగింది. పడవ గట్టు చేరలేదు. ఆ తరువాతి సోమవారం పిఠాపురంలో, కుక్కుటేశ్వరుడి గుడి ముందు, అప్పాజీ సమక్షంలో నేను కొబ్బరికాయ కొట్టాను. మూడో దెబ్బకు పగిలింది.