మేమేగారికి, లావో, ఫ్రాన్సు

ఈ చిరునామాతో కుప్పయ్య ముప్పై అయిదేళ్ళలో పదకొండు ఉత్తరాలు వేశాడు. కొన్ని ఒళ్ళంతా ముద్రలు గుద్దించుకుని తిరిగొచ్చాయి, కొన్ని ఎటు పోయాయో దేవుడికెరుక. పాకాల పోస్టాఫీసులో అదొక వేడుకైపోయింది. "ఏమప్పా కుప్పయ్యా, ఎవురీ మేమే? మేకా?" అని అడిగేవాళ్ళు. ఆయన నవ్వేసి కవరుకు జిగురు పూసేవాడు. నవ్వేవాళ్ళకు లోపలి సంగతి చెప్పి చులకన కావడం ఆయనకిష్టం లేదు.

లోపలి సంగతి ఇది. పటాలంలో లారీ తోలే రోజుల్లో ఆఫ్రికా ఎడారిలో జర్మనీవాళ్ళకు చిక్కి, దేశాలు మారి మారి, చివరికి ఫ్రాన్సులో ఒక ఖైదీల శిబిరంలో పడ్డాడు. నలభై నాలుగో సంవత్సరం మే నెలలో విమానాలు బాంబులు వేస్తే శిబిరం గోడ కూలింది. ఆ సందులోంచి బయటపడి, మడమ చీలి, అడవిలో పడి ఉన్నవాణ్ణి ఒక ముసలమ్మ చూసింది. ఎక్కడికి తీసుకుపోతున్నావని సైగ చేస్తే కొండవైపు చెయ్యెత్తి "లావో" అంది. తన ఆవుల కొట్టం అటక మీద, ఎండుగడ్డిలో, నలభై రోజులు దాచింది. ఆ ఇంటి పిల్లలు ఆమెను మేమే అని పిలిచేవాళ్ళు.

కాలు నయమయ్యాక ముసలమ్మ కొడుకు ఆయన్ని కనుమ దాకా దిగబెట్టాడు. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే ఊళ్ళోంచి నల్లటి పొగ లేస్తోంది. కొడుకు మొహం పాలిపోయింది. కుప్పయ్యను యుద్ధంలో లేని పక్క దేశపు సరిహద్దు వైపు తోసి, తాను ఊరివైపు పరుగెత్తాడు.

ఏమి కాలింది? ఎవరు కాల్చారు? తనను దాచినందుకేనా? పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది, ఆ పొగ మాత్రం కళ్ళముందు నుంచి పోలేదు. అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి చెయ్యి ఆపేస్తే, భార్య భారతమ్మ "మళ్ళీ ఆ వూరికి పోయినావా?" అని విసుక్కునేది.

డెబ్భై తొమ్మిదిలో తిరుపతిలో ఒక ఆడపిల్లల కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. ఆ ఏడు వేదవల్లి అని కొత్త మేడం వచ్చింది. పాండిచ్చేరిలో చదివి ఫ్రెంచి చెప్పడానికి వచ్చిందని కుప్పయ్య విన్నాడు. నెలరోజులు ధైర్యం కూడగట్టుకుని, తిరిగొచ్చిన కవరొకటి ఆమె ముందు పెట్టాడు.

వేదవల్లి చదివి పెదవి బిగబట్టింది. నవ్వాపుకుంటోందని ఆయనకు అర్థమైంది. తర్వాత ఆమె మొహంలో నవ్వు పోయింది.

"కుప్పయ్యా, లావో అనేది ఊరి పేరు కాదు. ఆ పైన అని అర్థం."

"పైనా?"

"మన తిరుపతిలో 'పైకి పోయొస్తా' అంటే తిరుమలకే కదా. కొత్తగా వచ్చినవాడెవరో ఆ కొండ పేరే పైన అనుకుంటే ఎట్లుంటుంది? ఇదీ అంతే."

"మరి మేమే?"

"అవ్వ."

కుప్పయ్య స్టూలు మీద కూలబడ్డాడు. అవ్వకు, ఆ పైన, ఫ్రాన్సు. పదకొండు సార్లు! తన తెలివికి తనకే రోత పుట్టింది. ఏ పోస్టుమాను మాత్రం ఏం చేస్తాడు పాపం.

"పేరు తెలియకపోతేనేం, ఊరు తెలుసు కదా. చెప్పండి" అంది వేదవల్లి, పాత ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి.

తెలియకేం. ఎర్రరాతి చర్చి, దానికి పొట్టి గోపురం. కింద వాగు మీద రంపపు మిల్లు. కనుమకు ఇవతల పుట్టిన నీళ్ళు ఉత్తరానికి పోతాయి, అవతలవి దక్షిణానికి. నడుస్తూ పోతే సరిహద్దు రెండు రోజుల దారి. అటక చెక్కల సందులోంచి చూసిన ఊరిని గీత గీతగా గీసి ఇచ్చాడు. ఆ పటం జతచేసి ఆమె ఆ కొండల జిల్లా రికార్డు ఆఫీసుకు రాసింది.

నాలుగు నెలలకు ఒక పొట్లం వచ్చింది. అందులో ఆ ఊరి బడిపంతులు రాసిన చిన్న పుస్తకం ఉంది. పేరు 'మా ఊరి భూగోళం, చరిత్ర'. వేదవల్లి గేటు దగ్గరే నిలబడి మొదటి పేజీ నుంచి తెలుగులో చెప్పుకొచ్చింది. ఎత్తెంత, వాగు పొడవెంత, ఏ పంటలు, గడపలెన్ని.

"వాగు సంగతి నాకు తెలుసమ్మా. పొగ సంగతి సూడండి" అన్నాడు కుప్పయ్య.

ఆమె పేజీలు తిప్పింది. "జర్మను సైనికులు వెతకడానికి వస్తున్నారని తెలిసి, మీరు పడుకున్న గడ్డీ గుడ్డలూ ఊరివాళ్ళే కాల్చేశారట. సైనికులు వెతికి, ఏమీ దొరక్క పోయారు. ఎవరికీ ఏమీ కాలేదు కుప్పయ్యా."

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ముప్పై అయిదేళ్ళ బరువు దిగిందని సంతోషపడాలో, ఇన్నేళ్ళూ ఉత్తినే మోశానని ఏడవాలో తెలియలేదు. వేదవల్లి మాత్రం పుస్తకం మూయలేదు.

"ఇంకా ఉంది. యుద్ధమయ్యాక అవ్వ మీకోసం వెతికించిందట. ఆ పేరుతో సిపాయి ఎవరూ లేరని జవాబొచ్చింది. కనుమ దాటుతూ చనిపోయి ఉంటారనుకుంది. చర్చి ముందు యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంటే, పట్టుబట్టి దానిమీద మీ పేరు చెక్కించింది. మొస్యో తెల్దమ్మా అని. అంటే తెల్దమ్మా గారు అని."

కుప్పయ్యకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గబుక్కున తలెత్తాడు.

"వాళ్ళేమడిగినా నేను తెల్దమ్మా, తెల్దమ్మా అంటా ఉంటిని. పిల్లోళ్ళు నన్ను సూసి అదే మాట అంటా ఉంటే ఎగతాళి అనుకుంటి. నా పేరని పిలిసినారా! అవ్వ ఉండాదా అమ్మా?"

"అరవై ఎనిమిదిలో పోయింది. పోయేదాకా ఏటేటా ఆ రాయి ముందు దీపం పెట్టి ఏడ్చేదట."

కుప్పయ్య దాచుకోకుండా ఏడ్చాడు. కాలేజీ వదిలిన వేళ, అమ్మాయిలు చూసుకుంటూ పోయారు. ఆయనకు పట్టలేదు.

మర్నాడు వేదవల్లి కాగితం తెచ్చి, "పంతులికి రాద్దాం. పేరు తప్పని, మీరు బతికే ఉన్నారని చెబితే రాయి సరిచేస్తారు" అంది.

"కొట్టేస్తారా?"

"బతికున్నవాళ్ళ పేరు దానిమీద ఉండకూడదు కదా."

ఆయన తల అడ్డంగా తిప్పాడు.

"ఆయమ్మ సెక్కించింది ఆయమ్మదే, ముట్టొద్దని రాయండి. ఉత్తరం కింద నాలుగు మాటలు నేను తెలుగులో రాస్తా. ఆ మాటలు పలికేదెట్లో మీరు వాళ్ళ అక్షరాల్లో పెట్టండి. అవ్వ సమాధి కాడ గట్టిగా సదవమనండి."

కళ్ళద్దాలు సర్దుకుని రాశాడు. "అవ్వా, నేను ఇల్లు చేరినాను. కాలు బాగుండాది."

సంతకం దగ్గర అలవాటుగా 'కు' అని మొదలుపెట్టి, ఆగి, అది కొట్టేసి, తెల్దమ్మా అని రాశాడు.