హనుమంతయ్యశెట్టి వాయిదా

నంద్యాల పాత బజారులో స్టీలు సామాన్ల అంగడి నడిపే హనుమంతయ్యశెట్టికి వాయిదా అన్న మాట వింటే చాలు, చెవిలో జోరీగ దూరినట్టుండేది. ప్రహరీగోడ గురించి పక్కింటివాడితో కోర్టుకెక్కినప్పుడు ఆ మాటతో ఆయనకు పరిచయం. కేసు ఎన్నిసార్లు వాయిదా పడిందంటే, చివరికి పక్కింటివాడు పోయాడు, వకీలు పోయాడు, ఒక ముసురుకు గోడ కూడా తనంతట తనే పడిపోయింది. ఆ తర్వాత కూడా కేసు ఇంకొక్కసారి వాయిదా పడింది. అప్పటినుంచి అంగట్లో ఆ మాట ఎవరూ పలకకూడదని కట్టడి. కొడుకు హరీశ్ "షట్టరు రిపేరు రేపటికి వాయి..." అని మొదలుపెట్టి, తండ్రి చూపు తగలగానే "రేపొస్తాడంట నాయనా" అని మింగేసేవాడు.

అట్లాంటి మనిషి బతికుండగానే తన బొమ్మ రాతిలో చెక్కించుకోవాలనుకున్నాడు. దానికి కారణం వాళ్ళ నాయన ఫోటో. పెద్దాయన పోయినాక, ఉన్న ఒక్క మాసిన ఫోటోను పెద్దది చేయమని ఇస్తే, స్టూడియోవాడు పంచె మనిషికి కోటు తొడిగి, లేని మీసం పెట్టి, బుగ్గలకు గులాబిరంగు పూసి పంపాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో దండ పడుతున్నది ఎవరికో దేవుడికే తెలియాలి. తన మొహానికా గతి పట్టకూడదని, ఆ కథంతా చెప్పి, ఆళ్లగడ్డలో రాయి చెక్కే సుబ్బరాయుడాచారికి పని అప్పజెప్పాడు హనుమంతయ్య.

బొమ్మ మొదలైన కొన్నాళ్ళకే కర్నూలు డాక్టరు ఆయన గుండె చూసి, నాళాలు పూడుకుపోయాయి, ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు అన్నాడు.

"బొమ్మ పూర్తి కానీ, చూసుకొని పోతా" అన్నాడు హనుమంతయ్య.

అది ఉగాదప్పటి మాట. ఇప్పుడు బజారులో వినాయకుళ్ళు దిగుతున్నారు. అంగడి మెట్టు ఎక్కాలన్నా ఆయన మధ్యలో ఆగి, ఎదురంగడి బోర్డు చదువుతున్నట్టు నిలబడుతున్నాడు. నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్న బోర్డు అది. భార్య లక్ష్మీనరసమ్మ అన్నీ చూస్తూనే ఉంది.

"ఆచారి ఇంకా కానియ్యల్యా?" అని అడిగేది.

"యాడ కానిస్తాడు. వాయిదా మీద వాయిదా" అనేవాడు, ఆ మాటను ఉమ్మినట్టు.

నిజానికి ఆళ్లగడ్డలో జరిగింది ఇది. మొదటిసారి పోయినప్పుడు హనుమంతయ్య బొమ్మ చెవులు పెద్దవైనాయన్నాడు. ఆచారి తగ్గించాడు. రెండోసారి జేబులో పెన్ను లేదన్నాడు. పెన్ను వచ్చింది. తర్వాత పంచె కుచ్చిళ్ళు కుడివైపుకు పోయాయన్నాడు, ఆ తర్వాత ఎడమ భుజం కిందికి జారిందన్నాడు. రాతిలో భుజం పైకి లేపడం ఎట్లాగో ఆచారికి తెలియదు గానీ, రెండో భుజం కాస్త కిందికి చెక్కి సర్దాడు. ప్రతిసారీ హనుమంతయ్య తలాడించి, తేలికపడిన మనసుతో ఇల్లు చేరి, ఆచారిని తిట్టేవాడు.

ఈసారి లక్ష్మీనరసమ్మ చెప్పులేసుకొని ముందే పోయి కారులో కూర్చుంది.

"నువ్వెందుకు?"

"ఆచారిని నాలుగు కడుగుదామని."

కారు మౌలాలిది. ఎన్నో ఏళ్ళుగా శెట్టి ఇంటికి బాడుగకొస్తాడు. శిరివెళ్ల దాటేదాకా హనుమంతయ్య ఆచారిని తిడుతూనే ఉన్నాడు. ఎడమచేతి పక్క నల్లమల నీలంగా సాగుతోంది.

"ఆ మాట కనిపెట్టినోన్ని పట్టుకోవాల మొదట" అన్నాడు. "వాయిదా అంట, వాయిదా. పని ఎగ్గొట్టేదానికి ఎంత మర్యాదగా పేరు పెట్టినారో."

"ఆ మాట మాది, శెట్టిగారూ" అన్నాడు మౌలాలి, అద్దంలోంచి చూసి.

"మీదా? తెలుగోళ్ళది గాదా?"

"మా ఇండ్లల్లో వాదా అంటారు. మా అబ్బ చెప్తాండె, అరబ్బీ నుంచి వచ్చిందంట. వాదా అంటే మాటియ్యడం. ఫలానా దినం వస్తా, ఇది నా మాట, అని చెప్పడం. దినమూ మాటా రెండూ కలిపే ఉంటాయి. మీరు దాన్ని కోర్టు కచేరీకి తీసకపోయి, దినం ఉంచుకొని మాట పారేస్తిరి."

లక్ష్మీనరసమ్మ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నేను పారేయల్యా" అన్నాడు హనుమంతయ్య. "నేను జన్మలో దేన్నీ వాయిదా ఏసినోన్ని కాదు."

"కాదు కాదు" అంది ఆమె, కిటికీలోంచి కొండల్ని చూస్తూ.

ఆచారి పందిట్లో సగం చెక్కిన దేవుళ్ళంతా రాతిపొడి పూసుకొని నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో కుర్చీలో కూర్చున్న హనుమంతయ్య బొమ్మ. దాని నెత్తిమీద ఆచారి తన తువ్వాలు ఆరేసుకున్నాడు. వాళ్ళను చూసి గబుక్కున లాగి భుజాన వేసుకున్నాడు.

లక్ష్మీనరసమ్మ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎవరాచారీ ఈయన? చానా నెమ్మదస్తుని మాదిరుండాడే."

"శెట్టిగారేనమ్మా. అంగడి క్యాలెండరు మీదుండే ఫోటో చూసి చెక్కినా."

"అదా. ఆ పొద్దు ఫోటో తీసినోడు నవ్వమని కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాడులే."

హనుమంతయ్య ఆ మాట విననట్టు బొమ్మ మొహం మీదికి వంగాడు. అన్నీ ఉన్నాయి. రెప్పల కింద మాత్రం చదునైన రాయి.

"కండ్లేవి?"

"అవే మిగిలినాయి. బతికుండే మనిషి బొమ్మకు, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని తెరుస్తాం. మా తాత కాలం నుంచీ అంతే. కూర్చోండి, ఇప్పుడే అయిపోతాది."

స్టూలు వేశాడు. హనుమంతయ్య కూర్చున్నాడు. ఆచారి సన్న ఉలి తీసుకొని, ఆయన కళ్ళలోకి ఒకసారి, రాతి మొహంలోకి ఒకసారి చూసి, సుత్తి ఎత్తాడు. ఇది అయిపోతే ఇంక మిగిలేది కర్నూలే అన్న సంగతి హనుమంతయ్యకు అరికాళ్ళలోంచి పైకి పాకింది.

"ఉండప్పా" అన్నాడు. "ముక్కు... ముక్కు కొంచెం వంకరగా లేదూ?"

ఆచారి సుత్తి దించాడు. ఉలిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"శెట్టిగారూ, చెవులంటిరి, తగ్గించినా. పెన్నంటిరి, పెట్టినా. కుచ్చిళ్ళంటిరి, భుజమంటిరి. నేను ఎండాకాలంలోనే ఇచ్చేస్తానంటి. ఇంగొక నెల కానీ అని ఎవరన్నారు?"

హనుమంతయ్య రాతిపొడిని చూస్తున్నాడు.

"అట్లయితే వాయిదాలేసింది ఆచారి కాదన్నమాట" అంది లక్ష్మీనరసమ్మ. గొంతులో ఎగతాళి సగంలోనే ఆగిపోయింది.

ఆయన బొమ్మ వైపు తిరిగాడు. చెప్పింది భార్యకు కాదు, బొమ్మకు.

"బయమేసింది. ఆడ పడుకోబెట్టి రొమ్ము కోస్తారంట. లేస్తానో లేదో."

ఆమె వచ్చి స్టూలు పక్కన నేలమీదే కూర్చుంది, పట్టుచీరకు పొడి అంటుకుంటుందని కూడా చూసుకోకుండా.

"ఆ మాట ఉగాదికే చెప్పింటే నేనూ బయపడుదును గదా. ఒక్కరే పడితిరి, పిసినారి మాదిరి."

పందిరి గుంజ దగ్గర నిలబడ్డ మౌలాలి కారు తుడిచే గుడ్డతో తన మొహం తుడుచుకున్నాడు. ఆచారి ఉలి సంచి ముడివేశాడు.

"ఈ పొద్దు కండ్లు తెరిచేది లేదు. ఆపరేషన్ చేయించుకొని రాండి. వచ్చి ఈ స్టూలు మీద కూర్చుంటే తెరుస్తా."

"నేను రాకపోతే?"

"ఫోటో చూసి కండ్లు తెరిచే అలవాటు మాకు ల్యా. గుడ్డి బొమ్మనే ఇంటికి పంపిస్తా. ఇంగ మీ హరీశ్ ఉండాడు, స్టూడియోవాడుండాడు. కండ్లకు నల్లరంగు, బుగ్గలకు గులాబిరంగు. మీసం గూడా పెడతాడేమో."

హనుమంతయ్య ఉలిక్కిపడి లేచాడు. డాక్టరు చూపించిన ఏ గుండె ఫోటోకూ ఆయన మొహం అట్లా పాలిపోలేదు.

"వాయిదా ఇయ్యి ఆచారీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట అడుక్కుంటున్నట్టు రావడం అదే మొదలు.

"ఇయ్యాల్సింది మీరు."

"మావాళ్ళ మాదిరి ఇయ్యండి శెట్టిగారూ" అన్నాడు మౌలాలి. "ఉత్త దినం కాదు."

హనుమంతయ్య చెయ్యి చాపాడు. "డాక్టరు నన్ను కారెక్కనిచ్చిన దినం, ఇంటికి గూడా పోకుండా నేరుగా ఈడికే వస్తా. ఇది నా మాట."

పొడి చేత్తో ఆచారి ఆ చేతిని పట్టుకున్నాడు.

"ఇంటికి పోయి స్నానం చేసి రావచ్చులే" అంది లక్ష్మీనరసమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "మౌలాలీ, రేపు పొద్దున్నే కర్నూలుకు పోవాల. బండి కడిగి పెట్టు."

"ఎల్లుండి పోతే..." అన్నాడు హనుమంతయ్య.

ముగ్గురూ ఆయనవైపు చూశారు.

"రేపే, రేపే. ఊరికే అంటి."

కారెక్కి, తలుపు వేయబోతూ వెనక్కి చూశాడు. ఆచారి అప్పుడే భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ బొమ్మ నెత్తిన ఆరేస్తున్నాడు. హనుమంతయ్య తల బయటపెట్టాడు.

"ఏమప్పా ఆచారీ, చెప్తాండా విను. నేను తిరిగొచ్చేతలికి నా నెత్తిన ఆ గుడ్డ కనపడిందంటే, ముక్కు మళ్ళీ మొదట్నుంచి చెక్కిస్తా."