భుజానికి కుదిరిన రైఫిల్

లొరెట్టాకి సవతి పోరు తప్పలేదు. ఆ సవతి కాపురం హాల్లో అద్దాల బీరువాలో. మొగుడు డెల్మర్ దానికి వారం వారం నూనె పట్టిస్తాడు, మెత్తటి గుడ్డతో ఒళ్ళు తుడుస్తాడు. పెళ్ళాం నడుం పట్టేసిందంటే మాత్రం, "వేడినీళ్ళ సంచీ పెట్టుకో!" అని అక్కణ్ణించే కేకేస్తాడు.

నిజానికి ఆ సవతి ఆమె పుట్టింటిదే. కిందటి చలికాలం పోయిన తండ్రి వదిలి వెళ్ళిన వేట రైఫిల్. దాన్ని చేసిన చిన్న కార్ఖానా ఎప్పుడో మూతబడింది. పెన్సిల్వేనియా కొండల్లో అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. సోమవారం జింకల వేట మొదలు. అదెలా పేలుతుందో, పేలినప్పుడు భుజాన్ని ఎలా తంతుందో ఒక్కసారి చూడాలని లొరెట్టా ఆశ.

"పిచ్చా నీకు? చెయ్యి పడని సరుకది," అన్నాడు డెల్మర్. "కార్ఖానాలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. అడవికి తీసుకెళ్ళి దాని విలువ మట్టిలో కలుపుతావా?"

"మరి నాన్న కొన్నది దేనికి, దండం పెట్టుకోడానికా?"

"ఆయనకి విలువ తెలుసు గనకే ముట్టుకోలేదు."

అతను కట్టెలు కొట్టడానికి వెళ్ళగానే ఆమె బీరువా తెరిచి రైఫిల్ భుజానికి ఆనించింది. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. అక్కడే అనుమానం వచ్చింది. ఆ ఇంట్లో వేట కోటు దగ్గర్నుంచి ఆమెకి సరిపోయిన మగవాళ్ళ వస్తువు ఒక్కటీ లేదు.

తిరగేసి చూసింది. భుజానికి ఆనే చివర ఇనప పలక, దాని అంచు చుట్టూ చెక్కిన ఓక్ ఆకులు. పైన నిండుగా ఉన్నాయి. కిందికొచ్చేసరికి సగానికి తెగిపోయాయి. ఇంటిల్లిపాది ప్యాంట్లూ కుదించి కుట్టిన మనిషికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. చెక్క కోసి పొట్టి చేశారు, కోసిన చోట సన్నబడ్డ చెక్కకి తగ్గట్టు పలకని ఆకురాయితో అరగదీశారు.

కట్టెలతో తిరిగొచ్చిన డెల్మర్ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. "కార్ఖానావాళ్ళే అలా చేసుంటారు."

"ఆకులు సగానికి నరికా? ఏదీ, నువ్వు పట్టుకో."

పట్టుకున్నాడు. మోచెయ్యి కోడి రెక్కలా ముడుచుకుపోయింది.

"మా అమ్మ నాలాగే పొట్టిది కదా," అంది లొరెట్టా.

"మీ అమ్మా? ఆవిడకి జింక మాంసం వండటం తప్ప వేటేం తెలుసు?"

"ఆ మాంసం ఎవరు తెచ్చేవారో ఎప్పుడైనా అడిగావా?"

డెల్మర్ మొహం వాడిపోయింది. పాత తుపాకులు సేకరించేవాడెవడూ కోసినదాన్ని కన్నెత్తి చూడడు. అంతలోనే మళ్ళీ వెలిగింది. "అయితే ఇంక కాల్చొచ్చు! సోమవారం నేనే తీసుకెళ్తా!"

ఇంటి వెనక కంకర గోతిలో ఖాళీ డబ్బా నిలబెట్టి, ఇద్దరూ చెవి మూతలు తగిలించుకున్నాక కాల్చాడు. డబ్బా కదల్లేదు. పొట్టి తుపాకి వెనక్కి తన్నేసరికి అతని బొటనవేలే వెళ్ళి అతని ముక్కుని గుద్దింది. రక్తం.

లొరెట్టా అతనికి చేతిరుమాలిచ్చి, రైఫిల్ అందుకుని కాల్చింది. డబ్బా ఎగిరి గోతి అవతల పడింది. ఆ తన్ను కూడా ఎంత నెమ్మదిగా ఉందో! ఎవరో భుజం తట్టినట్టు.

రుమాల్లోంచి డెల్మర్ ఏదో గొణిగాడు.

"ఏంటీ? వినపళ్ళేదు," అంది, చెవి మూతలు ఎప్పుడో తీసేసిన లొరెట్టా.

"తప్పు నాదే అన్నాను! అది బీరువాలో ఉండాల్సిందీ కాదు, నాదీ కాదు!"