గంజిబాన పగలని కథ

నేను బాగా రాస్తానని ఆ శిబిరానికి పిలవలేదు. పల్లె బతుకు తెలిసిన ఆడమనిషి ఒకరు కావాలని కోడుమూరు మిషను బడికి ఉత్తరం వచ్చింది. బడిలో నాకంటే పెద్ద టీచరమ్మలు ఇద్దరున్నారు. ఒకామెకు నెలలు నిండాయి. ఇంకొకామెను భర్త పంపనన్నాడు. మిగిలింది నేనొక్కదాన్నే, కృపమణి టీచరును. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. 1955 జనవరిలో ఒక ట్రంకుపెట్టె, రెండు నేతచీరలతో కర్నూలు బస్సెక్కాను.

అప్పుడు కర్నూలు రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. శిబిరానికి మాత్రం ఏటి దగ్గర ఒక హైస్కూలు ఇచ్చారు. గేటుకు గుడ్డ కట్టి 'అంతర్జాతీయ రచయితల శిబిరం' అని ఎర్రరంగుతో రాయించారు. వయసు మీరాక చదువు నేర్చిన కూలీలకు, రైతులకు చిన్న చిన్న పుస్తకాలు రాయించడం, ఒక దేశం కథలు ఇంకో దేశానికి అందించడం ఆ శిబిరం పని. బర్మా నుంచి ఇద్దరు, సింహళం నుంచి ఒకరు వచ్చారు. డెన్మార్కు నుంచి హాన్సెన్ అనే దొరసాని వచ్చింది. తమ దేశంలో రైతులకు పుస్తకాలు రాసిన మనిషట. తల నెరిసింది. మాతోపాటు చాప మీదే కూర్చునేది. మన కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే రెండోసారి పప్పు వేయించుకునేది.

అందరం ఒకే బంతిలో తినేవాళ్లం. ఒక పూట నా పక్కన బర్మావారిలో ఒకాయన, ఒక పూట గుంటూరు వకీలు గారి భార్య. మా ఊళ్లో నా చేతి నీళ్లు ముట్టేవాళ్లు లేరు. మొదటిరోజు ఆ బంతిలో కూర్చుని, సంతోషంలో తినడం మరిచి అటూ ఇటూ అందరి విస్తళ్లే చూశాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, తరువాత నేను చేసిన పనికి మూలం సగం ఆ బంతిలోనే ఉంది.

శిబిరం డైరెక్టరు గారిది కృష్ణాజిల్లా. ఖద్దరు కట్టేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. రెండోరోజు మమ్మల్ని కూర్చోబెట్టి, "కల్పించకండి. మీకు జరిగింది రాయండి. మీ అమ్మతో మాట్లాడినట్టు రాయండి" అన్నారు.

నాకు జరిగింది ఒకటే ఉంది. ఆ మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని రాశాను.

కరువు సంవత్సరం మా ఊళ్లో గంజి కేంద్రం పెట్టారు. రోడ్డుపనికి కంకర కొట్టేవాళ్లందరికీ మధ్యాహ్నం గంజి పోసేవారు. ఊరివాళ్లు చావడి అరుగు మీద కూర్చునేవారు. మా గేరివాళ్లం, ఊరి బయటి వాడలోని మాదిగ క్రైస్తవులం, ఎండలో వేరే వరుస. ముందు అరుగు మీద పోసి, మిగిలితే మాకు. గరిటె పట్టింది పుల్లయ్య. వరుసగా మూడు రోజులు మా దాకా వచ్చేసరికి బాన అడుగంటింది. "రేపు రాండి, రేపు ముందు మీకే పోస్తా" అన్నాడు మూడు రోజులూ. నాలుగోనాడు మా నాయన గాబ్రియేలు కంకర గుట్ట మీద సుత్తి పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. సమాధి చేసిన మరునాడు మా అమ్మ రాహేలమ్మ ఆ సుత్తి తీసుకుని చావడి అరుగెక్కింది. ఎప్పుడూ ఎక్కని అరుగు. నిండుగా ఉన్న గంజిబానను ఒక్క దెబ్బకు పగలగొట్టింది. ఆ పూట ఊరికీ లేదు, గేరికీ లేదు. అరుగు మీది పిల్లలు కూడా ఏడ్చారు. అమ్మ పేరు కూలీల పట్టీలోంచి కొట్టేశారు.

ఇదంతా మా అమ్మ మాట్లాడే మాటల్లోనే రాశాను. అందరికీ చదివి వినిపించాను. డైరెక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మాయీ, ఈ శిబిరం మొత్తానికి ఇదొక్కటి చాలు" అన్నారు. నన్ను ఎవరైనా అంతగా మెచ్చుకోవడం అదే మొదలు.

మరునాడు నా కాగితాలు తిరిగొచ్చాయి. ఎర్ర సిరాతో 'ఉండాది' అన్నచోటల్లా 'ఉంది' అని, 'యాడ' అన్నచోట 'ఎక్కడ' అని దిద్దారు. "నాలుగు జిల్లాలవాళ్లూ చదవాలి గదా. 'ఉండాది' అంటే అచ్చుతప్పు అనుకుంటారు" అన్నారు. నిజమేననిపించింది. ఇప్పుడు రాస్తున్నది కూడా వారు దిద్దిన తెలుగే.

తరువాత పేర్లు మార్చారు. రాహేలమ్మ అంటే ఒక మతంవాళ్ల కథ అయిపోతుందట. లక్ష్మమ్మ అని పెట్టారు. నాయన గంగన్న అయ్యాడు. పుల్లయ్య పేరు అందరికీ సరిపోయేదే కాబట్టి దాని జోలికి పోలేదు.

శిబిరంలో పత్తికొండ నుంచి వచ్చిన బసవన్న అనే బడిపంతులు ఉండేవాడు. నలభై ఏళ్లుంటాయి. కరువులో మేత లేక తన జత ఎద్దులను కటికవాడికి తోలిచ్చిన సంగతి రాశాడు. ఎద్దులు చివర్లో బతకాలి, సర్కారు గడ్డి అందాలి అన్నారు డైరెక్టరు గారు. బసవన్న లేచి నిలబడ్డాడు.

"అందలేదు సార్. అంది ఉంటే నేను ఈ కత రాసేవాణ్నే కాదు."

"చదివేవాడికి ఆశ కలగాలి బసవన్నగారూ. ఏడిపించి వదిలేస్తే పుస్తకం మళ్లీ ముట్టడు."

"వాని ఇంట్లో కూడా ఎద్దులు పోయినాయి సార్. మా ఊర్లో వాని కొట్టం ఖాళీగా ఉంటే, నా పుస్తకంలో ఎద్దులు మేస్తాంటే, నన్ను చూసి నగుతాడు."

ఆరోరోజు పొద్దున బసవన్న పెట్టె సర్దుకున్నాడు. నేను గేటు దగ్గర ఎదురుపడ్డాను.

"పోతాండావాప్పా?"

"పోతాండా పాపా. నాది నేను ఎత్తుకపోతాండా." కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. "నీ రాతలో మీ నాయన ఇంగా సచ్చిపోయే ఉండాడా?"

"ఈపొద్దు దాకా ఉండాడు" అన్నాను.

ఆయన నవ్వలేదు. నా వైపు ఒక్క క్షణం చూసి, "రాకూడదా నువ్వు కూడా" అన్నాడు. నేను గేటు లోపలే నిలబడ్డాను. ఆయన వెళ్లిపోయాడు. ఆ ఎద్దుల కథ ఎక్కడా అచ్చయినట్టు నేను వినలేదు.

ఆ సాయంత్రం డైరెక్టరు గారు నన్ను పిలిపించి కుర్చీ చూపించారు. నాకు కుర్చీ వేసిన పెద్దమనిషి కూడా ఆయనే మొదలు.

"చూడమ్మా, ఈ రెండు వరుసల సంగతి నాకు తెలియదనుకోకు. సిగ్గుపడతాను. కానీ ఇది ఇంగ్లీషులోకి పోతుంది. పరాయి దేశాలవాళ్లు మన గురించి ఏమనుకుంటారు? ఇక్కడ మనమంతా ఒకే బంతిలో తింటున్నామా లేదా?"

"తింటున్నాం సార్."

"అదే రాద్దాం. జరగవలసింది కూడా నిజమే కదా."

నేను తల ఊపాను. ఒక్క తల ఊపుతో రెండు వరుసలు ఒకటయ్యాయి. వరుస ఒకటే అయ్యాక గంజి చాలకపోవడానికి కారణం లేకపోయింది. గంజి చాలాక నాయన చావడానికి కారణం లేకపోయింది. నీరసించి పడిపోయిన గంగన్నకు పుల్లయ్య తన వాటా గంజి పోసి బతికించాడు. నాయన బతికాక అమ్మకు సుత్తి ఎత్తే పనేముంది? లక్ష్మమ్మ గంజి కేంద్రానికి కట్టెలు మోసి, ఖాళీ వేళల్లో అక్షరాలు దిద్దింది. మూడు రోజులు కూర్చుని ఇవన్నీ నేనే, నా చేత్తోనే రాశాను. ఎవరూ నా చెయ్యి పట్టి రాయించలేదు. అచ్చుకు ఎంపికైన నాలుగు పుస్తకాల్లో నాది మొదటిదని చెప్పినప్పుడు ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు.

చివరిరోజు పండగలాగా చేశారు. షామియానా వేశారు, జిల్లా పెద్దలు వచ్చారు. బర్మావాళ్లు తమ పడవపాట పాడారు. సింహళం ఆయన వాళ్ల ఊరి కథ చెప్పాడు. నేను, 'ఒకే బంతి' అని పేరు పెట్టిన నా కథ చదివాను. డైరెక్టరు గారు దాన్ని ఇంగ్లీషులో చదివారు. అయిపోయాక హాన్సెన్ దొరసాని లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు మిషను ఇంగ్లీషు కొంచెం వచ్చు. ఆమె నాకోసం మెల్లగా మాట్లాడింది.

"ఇది మీ అమ్మగారి కథేనా?"

అవునన్నాను.

"మీ నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు?"

డైరెక్టరు గారు నా పక్కనే ఉన్నారు. ఆయన నా వైపు చూడలేదు, షామియానా గుంజ వైపు చూస్తున్నారు. ఆ క్షణంలో నేనేం చెప్పినా ఆయన ఆపేవారు కాదని ఇప్పటికీ నా నమ్మకం.

"బాగున్నారు" అన్నాను.

ఆమె కళ్లు చెమర్చాయి. మెడలోని ఊలు మఫ్లరు తీసి నా చేతిలో పెట్టింది. తన చేత్తో అల్లిందట. నాన్నగారికి ఇవ్వమంది.

తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కల్లూరు దాటింది, చేలు వచ్చాయి. కోడుమూరులో దిగేటప్పుడు దాన్ని సీటు మీదే వదిలేశాను.

ఏప్రిల్లో పుస్తకాలు వచ్చాయి. యాభై ప్రతులు. వయోజనుల బడుల్లో చదివి వినిపించి, విన్నవాళ్లు ఏమన్నారో రాసి పంపాలని ఉత్తరువు. అట్ట మీద అరుగు, అరుగు మీద వరుసగా జనం, నిండు బాన, గరిటె పట్టిన మీసాల మనిషి బొమ్మ. మొదట మా ఊళ్లోనే చదువుదామనుకున్నాను. అమ్మ ముందు చదవకుండా ఇంకెక్కడా చదవలేననిపించింది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయిపోయాక మా ఇంటి ముందర పదిమంది దాకా కూర్చున్నారు. ఊరిలోంచి హులిగెమ్మ వచ్చి ఎడంగా రాయి మీద కూర్చుంది. బాన పగిలిన రోజు ఆమె పిల్లలిద్దరూ ఆ అరుగు మీదే ఉన్నారు. అమ్మ చాటలో కొర్రలు చెరుగుతూ వింది. పదహారు పేజీలు. నా గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. బడిలో పాఠం చదివినట్టే చదివేశాను.

అయిపోయాక అమ్మ చాట దించింది.

"మంచి మనిషే పాపం. ఎవరామె, ఆ లచ్చమ్మ?"

నేను పుస్తకం మూశాను.

"ఏ ఊరు పాపా? మన తట్టేనా?"

"నువ్వే మా" అన్నాను.

అమ్మ నా ముఖం వైపు చాలాసేపు చూసింది. "నేనా" అంది. కొంచెం ఆగి, "మీ నాయన సావలేదా దాంట్లో?"

"సావలేదు మా."

"గంజి అందిందా ఆయనకి?"

"అందింది."

"ఎవరు పోసిరి?"

హులిగెమ్మ చెప్పింది. "పుల్లయ్యప్ప పోసినాడంట గదమ్మే, ఇప్పుడే సదివె. అందరం ఒక తావ కూచుంటిమంట." ఎగతాళిగా అనలేదు. "అట్ల జరిగింటే శానా బాగుండు" అంది.

అమ్మ మళ్లీ చాట ఎత్తింది.

వారం తిరగకముందే పుల్లయ్య వచ్చాడు. మా గేరి దారిలో అతణ్ని నేను ఎన్నడూ చూడలేదు. ముసలివాడయ్యాడు, కర్ర పట్టాడు. గడప అవతలే నిలబడి పిలిచాడు.

"ఏం పాపా, నా పేరు పుస్తకంలో ఏసినావంట."

"ఏసినాను."

"శానా బాగా రాసినావని చెప్పినారు. నా మనవడు బళ్లో సదువుతాండాడు, వానికి సూపిస్తా. ఒకటి ఇయ్యి." కర్ర నేలకు తాటించాడు. "జనం నన్ను శానా మాటలు అన్యారు పాపా. గేరోళ్ల ఉసురు తగులుతాదన్యారు. నీవు రాసినంక ఇంగ ఎవరంటారు?"

వెనక్కి తిరిగితే అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అతను చెప్పిందంతా విన్నది. పుల్లయ్య అమ్మను చూసి, "బాగుండావా రాహేలూ" అన్నాడు. అంత మెత్తగా మా వాళ్లను పలకరించగా నేను వినలేదు.

"బాగుండా" అంది అమ్మ.

నేను పుస్తకం ఇచ్చాను. అతను చదువురానివాడు. తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. తొమ్మిదో పేజీ తీసి వేలు పెట్టి చూపించాను. చదవమన్నాడు. చదివాను. 'పుల్లయ్య తన వాటా గంజిని గంగన్న నోట్లో పోశాడు. గంగన్న కళ్లు తెరిచాడు.' అతను తలాడించి, పుస్తకం మడిచి తలగుడ్డలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అమ్మ అరవలేదు, ఏడవలేదు. సంగటి కెలికి నాకు పెట్టింది. "తిను, చల్లారిపోతాది" అంది.

విన్నవాళ్లు ఏమన్నారో రాసి పంపవలసిన కాగితం మీద 'శ్రోతలు మెచ్చుకున్నారు' అని రాసి పంపాను. అది అబద్ధం కాదు.

అమ్మ ఆ తరువాత పదకొండేళ్లు బతికింది. అంతకుముందు ఏ పని చేస్తున్నా నాయన సంగతి ఏదో ఒకటి చెప్పేది. ఆయన కంకర కొడితే రాయి ఎట్లా చీలేదో, గుళ్లో పాట ఎత్తుకుంటే శ్రుతి ఎట్లా తప్పేదో. ఆ పదకొండేళ్లలో నా దగ్గర ఆయన మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనే అడిగితే, "నీకు తెల్దా, నువ్వే రాసినావు గదా" అనేది.