తెరకెక్కిన నాలుక

కోతలు కోసీ కోసీ నా నాలుక పక్కన పుండు పడిందని మా ఆవిడ ప్రచారం. నమ్మకండి. నేను అబద్ధమాడి ఎరగను. ఒకసారి నా కబుర్లు వింటూ బస్సు డ్రైవరు జనాన్ని దించడం మరిచి సముద్రం దాకా తోలుకుపోయాడు, అంతే.

సర్జను ఆ పుండులోంచి రెండు చోట్ల పిసరంత ముక్కలు తీశాడు. చూసి తేల్చే డాక్టరమ్మ ఎక్కడో వేరే ఊళ్లో ఉంటుంది. ఇక్కడ టెక్నీషియను ముక్కను పల్చగా కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద జరుపుతుంటే, ఆవిడ అక్కడ తెర మీద చూసి చెబుతుంది. చెడ్డదని తేలితే నాలుకకు కత్తి తప్పదు.

"నా నాలుక సినిమా నేను చూడొద్దూ?" అంటూ లోపలికి జొరబడ్డాను. వెనకే మా ఆవిడ.

తెర నిండా గులాబీ రంగు, దాని మీద ఊదా చుక్కలు.

"కాస్త ఎడమకి... ఆ, చాలు. ఇందులో ఏం లేదు తాతగారూ, మామూలు పుండే" అంది డాక్టరమ్మ.

నేను అప్పుడే గుమ్మం దాకా వెళ్లిపోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"తీసింది రెండు చోట్ల కదా. రెండోది చూపించండి."

"అది మరీ చిన్నదమ్మా. పైగా లైను పోతోంది, రేపు చూద్దాం" అన్నాడు టెక్నీషియను.

"రేపు ఈయన రాడు. ఈయన సంగతి నాకు తెలుసు. తేలేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

"బాగుందంటున్నారు, బాగుండనివ్వవే!"

"మీరు నోరు మూసుకోండి. ఆ నోటి కోసమే ఈ గొడవంతా."

"పెట్టవయ్యా, నేనే అడగాల్సింది" అంది డాక్టరమ్మ.

బొమ్మ గళ్లుగళ్లుగా విరిగింది, బిగుసుకుపోయింది, మళ్లీ కదిలింది. "ఆగు. వెనక్కి. ఇంకా దగ్గరగా." డాక్టరమ్మ గొంతులో నవ్వు పోయింది. తెర మీద ఊదా చుక్కలు బారు తప్పి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కిందికి దిగుతున్నాయి.

"ఇది మంచిది కాదు తాతగారూ. కానీ తొందరగానే దొరికింది. నాలుక అంచు మటుకు తీసేస్తే సరిపోవచ్చు."

మా ఆవిడ నా చొక్కా వదల్లేదు.

"తీసుకోండమ్మా, అంచే కదా" అన్నాను తెర వైపు తలెత్తి. "మిగిలింది మాత్రం నాది. ఈ చుక్కలు ఏనుగులంత ఉన్నాయనీ, కర్రతో తరిమికొట్టాననీ దాంతోనే ఊరంతా చెబుతా."

"ఏనుగులంతా?" అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

"తగ్గించేది లేదు."