మూడు గీతలు

అయినా సోమక్కకేం తెలుసు, మా ఇంట్లో కండెలు చుట్టే మనిషి, దసరా మామూలుకని హసన్‌పర్తి నుంచి వచ్చి, మగ్గం ముందు, పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన నేను పూజకు పేర్చిన పదకొండు కత్తుల్లో సరిగ్గా దాన్నే చూపించి, అన్నా గిది జపానుదని ఎవలు చెప్పిన్రు, గీ మూడు గీతలు మా కొడవండ్ల మీద సుత ఉంటయి, కమ్మరి పోశయ్య మామ గీతలు గివి, అని నవ్వేసింది, నా భార్య శ్యామలమ్మ నవ్వలేదు, కొబ్బరికాయ పట్టుకుని నా మొహమే చూస్తోంది, చూడనీ, రెండేళ్లుగా అంటూనే ఉంది కదా, పొరుగింటి పుల్లకూర రుచి మీకు, రోజులు బాగాలేవు, పోలీసు అమీను వచ్చి ఇన్ని కత్తులెందుకంటే ఏం చెప్తరు అని, తను మాత్రం ఒక్క వంకాయ కోసుకుంటానన్నా ముట్టనిచ్చానా, యుద్ధానికి పోయొచ్చిన మొగిలి బర్మా పటాలం నుంచి తెచ్చి నాకిచ్చిన కత్తి ఇది, చచ్చిన జపాను సిపాయి సంచిలోది, ఒకవైపే పదును, తెల్లకర్ర పిడి, ఆ గీతలు వాళ్ల అక్షరమని ఒట్టేసి చెప్పాడు, నేను వచ్చినవాళ్లందరికీ అర్థాలు కూడా చెప్పాను, ఒకరికి సూర్యుడని, ఇంకొకరికి చేసినవాడి పేరని, సిగ్గులేని నోరు, ఒక్క పొద్దు వరి కోసినా తెలిసేది, ఏ కొడవలి ఏ కమ్మరిదో కూలివాళ్లందరికీ తెలుసట, పుట్టినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకున్నవాణ్ణి, నాకెవరు చెప్తారు.

పోశయ్య చెప్పొచ్చు కదా, ఇదే కత్తి పట్టుకుని హసన్‌పర్తిలో అతని కొలిమికే పోయి, జర ఇట్లాంటివి చేసియ్యి పోశయ్యా అన్నాను, బొటనవేలితో అంచు తడిమి, మంచిగున్నదా అయ్యా అని అడిగాడు, మంచిగుండుడేంది, నీ ఏడు జన్మలకు రాదు ఈ పని అన్నాను, నవ్వాడు, సిగ్గుపడ్డాడనుకున్నాను, ఇప్పుడు సోమక్క చెప్తోంది, అసలుది మొగిలి సికిందరాబాదులో ఎవరో దొరకు అమ్ముకున్నడు, అమ్మే ముందు దాన్ని చూపెట్టి మేనమామ పోశయ్యతోని ఇంకోటి చేపిచ్చిండు, గదే నీకిచ్చిండు, అని, మరి మేనల్లుడి పరువు కోసం ఊరుకున్నాడో, తన పనిని ఒకరు అంతలా మెచ్చుకుంటుంటే ఇంకాస్త విందామనుకున్నాడో, ఆ తర్వాత గీతలు పెట్టకుండా చేసిన పదింటికీ నేను వంకలు పెట్టాను, పిడి లావన్నాను, అంచు మొద్దన్నాను, మళ్లీ మళ్లీ చేయించాను, ఒకదాన్ని నీళ్ల తొట్లో విసిరేశాను, మొన్న వానాకాలంలో పదిమంది ముందు, నాగలి కర్రులు కొట్టుకో, కత్తుల జోలికి రాకు అన్నాను, తల ఎత్తకుండా విన్నాడు, ఇంతకీ ఎట్లున్నడు పోశయ్య అంటే సోమక్క గొంతు తగ్గించింది, కొలిమి ఆర్పేసిండన్నా, మొదటిది మంచిగొచ్చింది, తర్వాత ఒక్కటీ రాలేదు, నా చెయ్యి పోయింది అన్నడు, సమ్మెట సుత అమ్ముకున్నడు, కాజీపేట టేషన్ల మూటలు మోస్తాండు.

చెయ్యి పోయిందనుకున్నాడు, నా మాట నమ్మి, కళ్లు మూసుకుని ఆ కత్తినీ, నేను నీళ్లలో విసిరి తర్వాత తెచ్చుకున్నదాన్నీ పక్కపక్కన పట్టుకున్నాను, బరువు అదే, అంచు అదే, పోగు నలిపి నూలు నంబరు చెప్పే వేళ్లివి, ఏది ఏదో తెలియలేదు, రెండేళ్లు ఏం చూశాను నేను, బర్మాను చూశాను, జపానును చూశాను, హసన్‌పర్తి అని తెలిస్తే చేతిలోకి కూడా తీసుకునేవాణ్ణి కాదు, శ్యామలమ్మ కొబ్బరికాయ కొట్టమంటోంది, నాకు చీరలు కొనే సేటు గుర్తొస్తున్నాడు, మూడు నెలలు నేసిన చీరను ఇలా మడిచి అలా తోసేసి, బాగనే ఉంది గని మన సాలోళ్ల పనే కదా అని, పక్కనున్న సీమ గుడ్డను నిమిరినవాడు, వాడి కళ్లు పోను అని ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చాను, ఆరు నెలలు పెద్ద అంచు నేయడానికి చేతులు రాలేదు, కాజీపేట ఎంత దూరం, ఇప్పుడే పోయి నీ చెయ్యి మంచిదే పోశయ్యా అని చెప్పొచ్చు, చెప్తాను, కానీ నమ్మడు, ఆ సేటే వచ్చి నా కాళ్లు పట్టుకుని చెప్పినా నేను నమ్మేవాణ్ణి కాదు.